హనోయిలో ఎక్కడ తినాలో చెప్పే ఉద్యోగం

కరీంనగర్ బస్టాండు వెనక ఒక ట్రావెల్స్ ఆఫీసులో నేను పనిచేశాను. మొదట కాశీ, గయ, షిర్డీ బస్సులు. తర్వాత సింగపూర్, బ్యాంకాక్. హైదరాబాద్ నుంచి వియత్నాంకు నేరుగా విమానాలు పడ్డాక చివరి ఏళ్లన్నీ ఎక్కువగా హనోయి నగరంలోనే గడిచాయి. గుంపును తీసుకుపోవాలి, తిప్పాలి, తినిపించాలి, తిరిగి తెచ్చి వాళ్లవాళ్లకు అప్పజెప్పాలి. కార్డు మీద టూర్ మేనేజర్ అని ఉండేది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఇప్పుడు నా దగ్గర కూర్చుని వీసాల సంగతి అడుగుతారు. అది ఎవరైనా నేర్పుతారు. మనవాళ్లు దేశం దాటి చూసిన గుళ్లూ సరస్సులూ ఏడాది తిరిగేసరికి మరిచిపోతారు. ఎక్కడ ఆకలితో కూర్చున్నారో మాత్రం మరిచిపోరు. అందుకే నేను తిండి సంగతి రాస్తాను. అది రాస్తే మందమర్రి సారక్క సంగతి రాయక తప్పదు.

నిలబడి ఉండడం

మాది హుస్నాబాద్ వైపు ఊరు. మా తాతలు దొరలు. వాళ్ల గడి, కోటలాంటి ఇల్లు, ఇంకా ఉంది, పైకప్పు లేదు. ఊరంతా వచ్చి చేతులు కట్టుకుని నిలబడిన ఇంట్లో పుట్టి, ఊరివాళ్ల బ్యాగులు బస్సెక్కాయో లేదో చూసే పనిలో తేలాను. దానికి నేను సిగ్గుపడలేదు. నన్ను చూసి జాలిపడే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. ఇస్త్రీ చొక్కా లేకుండా ఒక్కరోజు కూడా గుంపు ముందుకు రాలేదు.

ఆఫీసు యజమాని ఖాదర్ సాబ్. తండ్రి కాలంలో వాళ్లకు టాంగాలు ఉండేవట. ఆయన నన్ను మొదటిరోజు నుంచి చివరిరోజు దాకా ఒకే పిలుపు పిలిచాడు.

"దొర సాబ్, గడి కూలింది గని మీ మీసం దిగలే. మంచిదే, ప్యాసింజర్లు భయపడ్తరు. కని ఒక్కటి యాదుంచుకోండ్రి. కడుపు నిండినోడు గలాట చెయ్యడు."

"కడుపు నిండినా చేసేవాళ్లుంటారు సాబ్."

"వాళ్లకు ఇంకో గరిటె ఎయ్యుండ్రి."

ఆయన రెండో సూత్రం ఇంకా గట్టిది. ఒక్కని కోసం గుంపును ఆపొద్దు. కాశీలో ఒకసారి చెప్పులు పోయిన ఒక పెద్దాయన కోసం బస్సు ఆపితే, మిగతా అందరికీ ఆ పూట దర్శనం తప్పింది. ఇంటికి వచ్చాక వాళ్లలో ఒక్కరూ మా ఆఫీసు మెట్లెక్కలేదు. "చెప్పుల కోసం దేవుణ్ణి పోగొట్టినం దొర సాబ్" అని ఖాదర్ సాబ్ చాలా రోజులు అన్నాడు. ఆ సూత్రం సరైనదే. ఇప్పటికీ అదే చెప్తాను.

ఆ ఊళ్లో తిండి

హనోయిలో పొద్దున తిండి వీధిలోనే ఉంటుంది. ఫో అని ఒకటి. బియ్యప్పిండి పోగుల మీద కాగే చారు పోసి, ఆకుకూరలు చల్లి ఇస్తారు. ఎక్కువ దుకాణాల్లో అది గొడ్డుమాంసం చారు. కోడిది కూడా దొరుకుతుంది, అడగాలి. మధ్యాహ్నం సందుల్లోంచి కమ్మని పొగ వస్తుంది. మనవాళ్లు ఆ వాసన పట్టుకుని అటే నడుస్తారు. అది నిప్పుల మీద కాల్చే పంది మాంసం. ఏ మాంసమో అడగకుండా ఎవరినీ కూర్చోబెట్టొద్దు. ఒకరు ఆవు ముట్టరు, ఒకరు పంది ముట్టరు. ఇద్దరూ మన బస్సులోనే ఉంటారు.

మాంసం కనిపించకపోయినా నమ్మొద్దు. ఊరబెట్టిన చేపల నీళ్లు అన్నిట్లో పోస్తారు. కూరగాయలే కావాలన్నవాళ్లను చాయ్ అని బోర్డు ఉన్న హోటల్‌కు తీసుకుపోవాలి. వాళ్ల భాషలో అది శాకాహారం. హుస్నాబాద్‌కు చెందిన ఒక వడ్ల వ్యాపారి బోర్డు చదివించుకుని లోపలికి పోయి బస్సుకంతా టీ చెప్పాడు. పుట్టగొడుగుల కూర వచ్చింది. "గిదేం చాయ్ సారూ, నమలాల్నా?" అన్నాడు. పున్నమి రోజున, నెల మొదటి రోజున అక్కడ చాలామంది మాంసం మానేస్తారు. ఆ రోజుల్లో మనకు ఇబ్బంది తక్కువ.

సరస్సు పక్కన అద్దాల హోటళ్లున్నాయి. గుంపులను తీసుకుపోయేది అక్కడికే. వరసగా మూతల గిన్నెలు పెడతారు, ఎంతైనా తినొచ్చు. చూడ్డానికి బాగుంటుంది, ఏదీ నోటికి పట్టదు. భారతీయ హోటళ్లూ ఉన్నాయి. అక్కడ దొరికేది ఢిల్లీ రుచి. మెట్‌పల్లి నుంచి వచ్చినామెకు పనీరు పెడితే ఆమె ఇంటిని మరింత తలుచుకుంటుంది. అందుకే మేము వంటమనిషిని వెంట తీసుకుపోయేవాళ్లం. పొద్దున వీధిలో కొంచెం రుచి చూపించి, మధ్యాహ్నం పెద్ద హోటల్లో కూర్చోబెట్టి, రాత్రి మన అన్నం, పచ్చిపులుసు పెట్టాలి. ఈ వరస తప్పితే మూడో రోజుకు గుంపు ముఖాలు మాడిపోతాయి.

నేను మాత్రం వీధిలో తినలేదు. మా ఇంట్లో ఆ అలవాటు లేదు. హనోయి కాలిబాటల మీద కూర్చునే ప్లాస్టిక్ పీటలు మోకాలి ఎత్తు కూడా ఉండవు. గుంపును కూర్చోబెట్టి నేను నిలబడేవాణ్ణి. అక్కడి మా గైడు లాన్ మధ్యవయసు మనిషి. నాతో ఇంగ్లీషులో మాట్లాడేది, గుంపు దగ్గర 'జర జల్ది' నేర్చుకుంది. మోకాళ్లు నొప్పా అని ఒకసారి అడిగింది. లేదన్నాను. మరి ఎందుకు కూర్చోరు అంది. అలవాటు లేదన్నాను. ఆ తర్వాత ఎక్కడ ఆగినా లోపలి నుంచి వీపు ఉన్న కుర్చీ ఒకటి అడిగి తెచ్చేది. వద్దనలేదు.

మూతలు ఎత్తి చూసినామె

ఒక ఏడు రాఖీ పున్నమికి బయలుదేరిన గుంపులో సారక్క ఒక్కతే వచ్చింది. మందమర్రిలో బొగ్గుబాయి కార్మికుల కాలనీ. తండ్రి బాయిలో పనిచేసి పోయాడు, తల్లి ఉంది. ఆఫీసులో ఖాదర్ సాబ్ "ఇంటోళ్లెవరు రారా అమ్మా?" అంటే, "మా తమ్ముడుండె సార్ ఆడ" అంది. డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది.

పిల్లలూ, ప్రయాణికుడు ఏం మాట్లాడతాడో వినకండి, పళ్లెం చూడండి. అద్దాల హోటల్లో ఆమె పళ్లెం ఖాళీగా పట్టుకుని గిన్నె గిన్నెకూ పోయి మూత ఎత్తి చూసింది. కొన్నిటిని వంగి వాసన చూసింది. చివరి దాకా పోయి మళ్లీ మొదటికి వచ్చింది. బస్సుకంతా టీ చెప్పిన వడ్ల వ్యాపారి ఆ గుంపులోనివాడే. వెనక నుంచి, "ఏమమ్మా, ఏదన్న పోయిందా అండ్ల?" అన్నాడు.

నేను దగ్గరికి పోయాను. "ఏం కావాలమ్మా?"

"ఎతుకుతున్న సారూ."

"దేన్ని?"

"పేరు తెల్వది."

కిటికీ పక్కన కూర్చోబెట్టాను. అప్పుడు చెప్పింది. తమ్ముడు మల్లేశ్ మొదట గల్ఫ్‌కు పోయి, అక్కడి నుంచి ఈ ఊరికి వచ్చి ఒక భారతీయ హోటల్ వంటింట్లో చేరాడు. ఒక పొద్దున గదిలో లేపితే లేవలేదు. పెట్టెలో ఇంటికి వచ్చాడు.

మా వైపు మనిషి పోయిన మూడో నాడు, ఆ మనిషికి ఇష్టమైనవన్నీ వండి బయట ఆకులో పెట్టి దూరం జరుగుతారు. పిట్టకు పెట్టడం అంటారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినవాడు తృప్తిగా పోయాడని. ముట్టకపోతే కోరిక ఏదో మిగిలిందని.

"మటన్ పెట్టినం సారూ. బిర్యాని పెట్టినం. కోడికూర, గారెలు, సీసా గూడ పెట్టినం. ఆడు తాగకపోతుండె, అయినా పెట్టినం. కాకులు తీగల మీద కూసోని చూసినయి గని ఒక్కటి దిగలే. పొద్దుగూకిందాక కూసున్నం. నీ కోరికేందో చెప్పు బిడ్డా అని మా అవ్వ కాకిని అడిగింది సారూ."

"తర్వాత?"

"తర్వాతేముంది. ఆవుకు పెట్టి ఇంట్లకు పోయినం. అవ్వ అప్పటికెళ్లి సరిగ తింటలేదు. ఆడు తినకపాయె, నేనెట్ల తినాలె అంటది."

మల్లేశ్ ఫోన్‌లో తల్లికి ఒక సంగతి మాత్రం తరచూ చెప్పేవాడట. ఇక్కడ గుడి పక్కపొంటి ఒక ముసలామె బుట్టలో పెట్టి అమ్ముతది, పసుపుపచ్చగ ఉంటది, మీద ఉల్లిగడ్డ వేయించి ఏస్తది, ఆకుల కట్టిస్తది, మస్తుంటది అవ్వా, దినాం గదే తింట అని. పేరేందని అడిగితే నవ్వేవాడట. వాడికి ఆఖరికి కావలసింది అదేనని తల్లి పట్టుబట్టింది.

"గది దొరికితే ఈన్నే పిట్టకు పెట్టిపోత సారూ. అవ్వకు ఫోన్ల జూపిస్త. పెద్ద హోటళ్ల ఉంటదేమో అని చూస్తున్న. గంత మెచ్చుకున్నడంటె పెద్దదే అయి ఉంటది గద."

గుడి పక్క సందు

ఆ సాయంత్రం గుంపును బజారులో వదిలి, నేనూ సారక్కా లాన్‌ను తీసుకుని మల్లేశ్ పనిచేసిన హోటల్‌కు పోయాం. హోటల్ లేదు. అక్కడ కాఫీ దుకాణం పెట్టారు. అందులో పనిచేసేవాళ్లకు మల్లేశ్ ఎవరో తెలియదు. సారక్క గోడ మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది.

దారి పొడుగునా ఇళ్ల ముందు కాలిబాట మీద పళ్లేలు పెట్టి ఉన్నాయి. పల్చటి గంజి, పేలాలు, ఉప్పు, బియ్యం, పక్కన వెలుగుతున్న అగరొత్తులు. మా రాఖీ పున్నమే వాళ్లకు పోయినవాళ్ల పున్నమి.

"వీళ్లు గూడ పిట్టకు పెడ్తరా సారూ?"

లాన్‌ను అడిగాను. ఇంటి పెద్దలకు ఇంట్లో పెడతారట. బయట పెట్టేది ఎవరూ లేనివాళ్లకు, దూరదేశంలో పోయి ఇల్లు దొరకని ఆత్మలకు. ఇది తెలుగులో చెప్పడానికి నాకు కొంత సమయం పట్టింది. సారక్క పైట నోటికి అడ్డం పెట్టుకుని, ప్రతి పళ్లెం చుట్టూ జాగ్రత్తగా తిరిగి నడిచింది.

ఆమె చెప్పిన గుర్తులు విని లాన్, అది సోయ్ అయి ఉంటుంది, జిగురు బియ్యం అన్నం, పొద్దున్నే సందుసందునా అమ్ముతారు అంది. ఇన్నేళ్ల పనిలో నేను నేర్చుకున్నది ఇక్కడ అక్కరకు వచ్చింది. పనివాడు తిండి కోసం ఊరంతా తిరగడు. గదికీ పనికీ మధ్య తింటాడు. హోటల్ చిరునామా తెలుసు. అతని గది ఏ వీధిలో ఉండేదో సారక్కకు తెలుసు. ఆ రెండింటి మధ్య గుడి ఒక్కటే ఉంది.

తెల్లవారి, పడవ షికారుకు బయలుదేరే ముందు, గుంపు ఉప్మా తింటుండగా ముగ్గురం నడిచి పోయాం. గుడి గోడ పక్కన ఒక ముసలామె దుప్పటి కప్పిన వెదురు బుట్ట ముందు కూర్చుని ఉంది. దుప్పటి తీస్తే ఆవిరి వచ్చింది. పైన పెసరపప్పు ముద్ద, పసుపుపచ్చగా. గిన్నెలో వేయించిన ఉల్లిగడ్డ. సారక్క నా చెయ్యి పట్టుకుంది. ముసలామె గరిటెతో అడుగు నుంచి తిరగేసింది. అన్నంలో పువ్వుల్లా విచ్చిన తెల్లటి గింజలు.

"మక్కలు" అంది సారక్క. మా వైపు మొక్కజొన్నను అలాగే అంటాం.

లాన్ సారక్క ఫోన్ తీసుకుని అందులో మల్లేశ్ ఫోటో చూపించింది. ముసలామె తల ఊపి, అతను ఉల్లిగడ్డ ఎక్కువ అడిగేవాడని చెప్పింది. ఎక్కడికి పోయాడని అడిగింది. లాన్ ఏం చెప్పిందో నాకు తెలియదు. ముసలామె ఒక ఆకు ఎక్కువ తీసి, నిండా పెట్టి, మీద ఉల్లిగడ్డ రెండుసార్లు చల్లింది.

ఎంగిలి కాకూడదని సారక్క రుచి చూడలేదు. గుడి గోడ మీద ఆకు విప్పి పెట్టి, దూరం జరిగి, చేతులు కట్టుకుని నిలబడింది. హనోయిలో కాకులు నేనెప్పుడూ చూడలేదు. ఆమెకు ఆ సంగతి చెప్పలేదు. తీగ మీద పిచ్చుకలు ఉన్నాయి.

ఫోన్ మోగింది. వడ్ల వ్యాపారి. "ఓ సారూ, అందరం బస్సుల కూసున్నం. మీరేడున్నరు?"

"వస్తున్నాం."

"ఎప్పుడు? పడవ పోతదంటుండు డ్రైవర్."

"పోతే ఇంకో పడవకు పోదాం. కూర్చోండి."

నేను అలా అన్నందుకు ఆయన కంటే నాకే ఎక్కువ ఆశ్చర్యం వేసింది. పిచ్చుకలు గోడ చివర వాలాయి, లేచాయి. ఒక్కటీ ఆకు దగ్గరికి రాలేదు. సారక్క పెదవులు కదులుతున్నాయి. వాడికి పిల్లల్లేరు, పెళ్లికాని మనిషి, ఏమని మాట ఇస్తుందో నాకు తెలియలేదు. మూడో నాడు చుట్టాలు అలాగే మాట ఇస్తారు, నీవాళ్లను చూసుకుంటాం, వచ్చి ముట్టు అని.

బుట్ట సగం ఖాళీ అయింది. ముసలామె మమ్మల్ని చూస్తూనే ఉంది. చివరికి లేచి వచ్చి, ఒక అగరొత్తి వెలిగించి గోడ సందులో గుచ్చింది. అది కాలిపోయేదాకా ఆగి, ఆకు తీసి సారక్క చేతిలో పెట్టింది.

"అగరొత్తి అయిపోతే వాళ్లు తిన్నట్టే అంటోంది" అని లాన్ చెప్పింది. "ఇప్పుడు మీరు తినాలట. చల్లారబెట్టి వదిలేయడం వాళ్లకు మర్యాద కాదట."

నేను సారక్కకు తెలుగులో చెప్పాను. ఆమె ప్లాస్టిక్ పీట మీద కూర్చుంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది.

"గట్కనే సారూ" అంది. "మా అవ్వ చేసే మక్క గట్క. మక్కనూకలు ఉడకబెట్టి, పప్పేసి, ఉల్లిగడ్డేసి. గిదే ఆడు చిన్నప్పటికెళ్లి తిన్నది."

లాన్ లోపలికి చూసింది, కుర్చీ కోసం. నేను వద్దని సైగ చేసి, సారక్క పక్కన పీట మీద కూర్చున్నాను. మోకాళ్లు గదవకు తగిలాయి.

"మక్కలని ఒక్కనాడు చెప్పలే సారూ. గింత దూరం పోయి గట్క తింటున్న అంటే అవ్వ ఏడుస్తదనుకున్నడు. మేం గూడ అంతే. నలుగురొస్తరు, గట్క పెడితే ఏమనుకుంటరని బిర్యాని తెప్పించినం. అవ్వ ఆ పొద్దుగల గట్క పెడ్త అన్నది. నేనే వద్దన్న."

సగం చేసి నా చేతిలో పెట్టింది. తిన్నాను. మక్కలు మెత్తగా ఉన్నాయి, ఉప్పు కొంచెం తక్కువ. మా బాపు పోయినప్పుడు మేమూ పెద్దింటి వంటలే పెట్టాం. కాకి వెంటనే ముట్టింది, అందరూ ఆయన గొప్పతనం చెప్పుకున్నారు. చివరి రోజుల్లో ఆయన నోటికి పట్టింది జొన్న గంజి ఒక్కటే. అది ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. కాకికేం తెలుసు.

తర్వాత

బస్సు ఎక్కుతుంటే వడ్ల వ్యాపారి, "ఏమమ్మా, మంచిగ అయ్యిందా షాపింగు?" అన్నాడు. సారక్క ముసలామె దగ్గర కట్టించుకున్న ఒక పొట్లం ఆయన చేతిలో పెట్టి వెనక సీటుకు పోయింది. కాసేపటికి ఆయన వెనక్కి తిరిగి, "గిది మన గట్క లెక్కనే ఉన్నది గదనే" అన్నాడు. పొట్లం ఖాళీ చేశాడు. పడవ తప్పింది. ఇంకో పడవ దొరికింది, ఎండలో చాలాసేపు నిలబడ్డాక. కొందరు ఫిర్యాదు చేశారు, వాళ్ల తప్పు లేదు.

ఖాదర్ సాబ్ ఫిర్యాదులన్నీ విని నన్ను లోపలికి పిలిచాడు.

"ఎందుకాపిండ్రు దొర సాబ్?"

"కాకి కోసం."

నన్ను చూశాడు. మొత్తం చెప్పాను. "మరి కాకి వచ్చిందా?" అని అడిగాడు.

"రాలేదు సాబ్."

"మేం గూడ పోయినోళ్ల పేరు మీద వండి ఫాతెహా ఇస్తం. తినేది మేమే గద" అన్నాడు. చాయ్ చెప్పాడు. ఒక్కని కోసం గుంపును ఆపొద్దన్న మాట ఆ రోజు ఎత్తలేదు. నేను ఉద్యోగం వదిలేదాకా నాతో మళ్లీ ఎత్తలేదు.

హనోయిలో ఎక్కడ తినాలని ఎవరైనా అడిగితే, సరస్సు పక్కన హోటళ్ల పేర్లన్నీ మీ ఆఫీసే ఇస్తుంది. పొద్దున్నే లేచేవాళ్లయితే గుడి పక్క సందుకు పంపండి. దుప్పటి కప్పిన బుట్ట. ఆ ముసలామె ఇప్పుడు ఉందో లేదో నాకు తెలియదు.

ఆ ఏడే పెత్రమాస నాడు మందమర్రి నుంచి ఫోన్ వచ్చింది. పోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే అమావాస్య అది.

"సారూ, అవ్వ గట్క చేసింది. పప్పేసి, ఉల్లిగడ్డ ఆడు అడిగినంత ఏసింది. గోడ మీద పెట్టినం."

తర్వాత సంగతి ఆమే చెప్పింది.

"పెట్టి, నేను అవ్వ ఇంట్లకచ్చి తలుపేసుకున్నం. చూస్తే మళ్ల రాకపోతదేమో అని అవ్వకు భయం. బాగసేపటికి తీసి చూస్తే ఆకు ఖాళీగున్నది. పిట్ట తిన్నదో పిల్లి తిన్నదో అడగకుండ్రి సారూ. అవ్వ అన్నం తింటున్నది."

నేను అడగలేదు.